పెట్టె మీది కుంకుమ

మేము పనిచేసే గదిలోకి ఏ ఆడదీ బొట్టుతో వెళ్ళడానికి లేదు. పౌడరు, కాటుక, పూలు, గాజులు, ఏవీ లోపలికి రాకూడదు. తలుపు దగ్గర అద్దం ముందు నిలబడి అన్నీ తీసేసి, తలకు టోపీ, మూతికి గుడ్డ, పాదాల దాకా తెల్ల కోటు వేసుకుని, తాళిని కోటు లోపలికి దోపుకుని వెళ్ళాలి. మేము తయారుచేసేది ఉపగ్రహానికి కావలసిన తీగల కట్టలు. కుంకుమ రేణువు ఒక్కటి ఏ అతుకులో పడినా ప్రమాదమే. పైకి వెళ్ళాక చెడిపోతే బాగుచెయ్యడానికి మనిషి వెళ్ళలేడు. ఇంట్లో రేడియో పాడైతే సందు చివర కొట్లో ఇచ్చి రావచ్చు, దీన్ని ఎవరికిస్తాం? చేరిన మొదటి రోజే మా పెద్దసారు ఈ మాట చెప్పి నన్ను హడలగొట్టాడు.

ఆ పనిలో నాకంటే ముందు చేరింది మా అక్క. మా నాన్న హిందూపురం వైపు నుంచి వచ్చి చిక్కపేటలో ఒక బట్టల కొట్లో కుదురుకున్నాడు. మేమిద్దరం బెంగళూరులోనే పుట్టి, ఇంట్లో తెలుగూ వీధిలో కన్నడమూ మాట్లాడుతూ పెరిగాం. తొంభైల మొదట్లో అక్క ఐటీఐ అవగానే ఈ ఉపగ్రహాల కేంద్రంలో తీసుకున్నారు. కొన్నాళ్ళకు నేనూ వెళ్ళాను. ఆమె కట్టేది, ఆమె కట్టినదాన్ని నేను భూతద్దం కింద పరీక్షించేదాన్ని. "ఇంట్లో నా తప్పులు ఎతికేది చాలదని ఈడికి కూడా వచ్చిందప్పా ఇది" అని అందరితో చెప్పి నవ్వేది. నిజం చెప్పాలంటే ఆమె పనిలో నాకు తప్పు దొరికేది కాదు. అదే నాకు ఒళ్ళుమంట.

సన్నటి తీగలన్నింటినీ ఒకచోట చేర్చి, మైనం పూసిన దారంతో వరసగా ముళ్ళు వేసుకుంటూ పోవాలి. బిగువు ఎక్కువైతే తీగ మీది తొడుగు తెగుతుంది. తక్కువైతే రాకెట్టు అదురుకు కట్ట వదులవుతుంది. మణికట్టుకు ఒక పట్టీ కట్టుకుని, దాని తీగను బల్లకు తగిలించుకుని కూర్చోవాలి. మన ఒంటి మీద పుట్టే చిటికెడు కరెంటుకే లోపలి భాగాలు చచ్చిపోతాయట. అట్లా కట్టేసినట్టు గంటల తరబడి కూర్చుని అక్క ముళ్ళు వేస్తుంటే మల్లెపూలు కడుతున్నట్టే ఉండేది. కూనిరాగం కూడా తీసేది. మూతికి గుడ్డ ఉంది కాబట్టి ఎవరు పాడుతున్నారో సార్లకు తెలిసేది కాదు.

రాత్రి వార్తల్లో ఉపగ్రహం తీసిన మేఘాల బొమ్మ వస్తే చాలు, అక్క కూరగిన్నె వదిలేసి టీవీ ముందుకు వచ్చేది. "అది మాదే" అనేది. బావ ఊరుకునేవాడా? "మీదే అయితే మా ఊరి మీదికి రెండు మబ్బులు తోలమని చెప్పు, శెనక్కాయ ఎండిపోతా ఉండాది" అని ఆటపట్టించేవాడు. తుఫాను వస్తోందని ముందే తెలిసి జాలర్లు ఒడ్డుకు చేరారని వార్తల్లో చెప్పిన రోజు మాత్రం ఆయన అక్క చేతివేళ్ళు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను పక్కనే ఉన్నానన్న సిగ్గు కూడా లేకపోయింది ఇద్దరికీ.

ఉపగ్రహం సిద్ధమై, పెద్ద పెట్టెలో పెట్టి, ప్రయోగించే చోటికి పంపడానికి లారీ ఎక్కించే రోజు మాత్రం మేము పట్టుచీరలతో, తలనిండా పూలతో వచ్చేవాళ్ళం. పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టి, హారతిచ్చి, లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి సాగనంపడం మా దగ్గర ఆచారం. లెక్కలన్నీ వేసి, పరీక్షలన్నీ చేసిన ఇంజనీర్లు ఆ హారతి కోసం చెప్పులు విప్పి నిలబడేవాళ్ళు. వాళ్ళను నేను వెక్కిరించను. ఏళ్ళ తరబడి చేసిన చాకిరీని మంట మీద కూర్చోబెట్టి పంపుతున్నప్పుడు ఎవరికైనా చేతులు జోడించాలనే ఉంటుంది. పెట్టెకు బొట్టు పెట్టేది మా గదిలో అందరికంటే పాత ముత్తైదువ. అంటే మా అక్క.

బావ బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒకరోజు పొద్దున షిఫ్టుకు పోతూ హోసూరు రోడ్డు మీద లారీ కింద పడ్డాడు. అక్క కట్టిచ్చిన అన్నం డబ్బా మాత్రం సొట్టపోకుండా ఇంటికి వచ్చింది. పదకొండో రోజు చెయ్యాల్సినవన్నీ చేశారు. గాజులు పగలగొట్టిన పెద్దమ్మల మీద నేను అరిచి గోల చేశాను. మా అమ్మే నన్ను పక్కగదిలోకి లాక్కుపోయి గడియ పెట్టింది. తలుపు సందులోంచి చూస్తే అక్క ఎవరినీ అడ్డుకోవడం లేదు. చేతులు చాచి కూర్చుంది.

నెల తిరగకముందే పనికి వస్తానంది. అప్పుడే ఏం తొందరని అమ్మ కోప్పడితే అక్క నాతో అంది: "యాడికి పోయినా నా నుదురే చూస్తా ఉండారమ్మీ. పాలవాడు చూస్తాడు, బస్సులో ఆడోళ్ళు చూస్తారు. ఆ గదిలో అయితే అందరి నుదుర్లూ ఒకటే గదా." మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. అందరూ అద్దం ముందు బొట్లు తీస్తున్నారు. అక్క తీయడానికి ఏమీ లేదు, నేరుగా కోటు తొడుక్కుని లోపలికి పోయింది. కాసేపటికి ఎవరు ఎవరో తెలియనంతగా అందరం ఒకటే అయ్యాం. ఆ గదే లేకపోతే మా అక్క ఆ ఏడాది బతికేది కాదు. ఈ మాట నేను ఎక్కడైనా చెప్తాను.

ఆ ఏడాదంతా కట్టిన ఉపగ్రహం సాగనంపే రోజు వచ్చింది. అక్క నూలుచీర కట్టుకుని అందరి వెనకా, గోడ పక్కన నిలబడింది. పెద్దసారు మైసూరు వైపు మనిషి. పెద్ద చదువు, మెత్తటి మనసు. హారతి పళ్ళెం పట్టుకుని జనంలోంచి వెతుక్కుంటూ అక్క దగ్గరికే వచ్చాడు.

"బన్నీ అమ్మా, రండి, ఎప్పుడూ మీరే కదా పెట్టేది."

"వద్దు సార్. ఇంకెవురికైనా ఇయ్యండి."

"అదెల్లా బిడమ్మా, వదిలెయ్యండి. ఈ కాలంలో అవన్నీ ఎవరు చూస్తారు? మీ చేత్తో కట్టిందాన్ని మీరే పంపాలి."

ఎవరు చూస్తారట! అక్కడున్న వాళ్ళందరూ చూశారు. కానీ పెద్దసారు అడిగాక కాదనే ధైర్యం ఎవరికుంది? అక్క ముందుకు వచ్చింది. కుంకుమలో వేలు ముంచి పెట్టె మీద బొట్టు పెట్టింది. కుంకుమ కాస్త కిందికి జారింది. హారతి వెలుగులో ఆమె ముఖం చూశాను. బావ పోయాక ఆ ముఖంలో కళ చూడటం అదే మొదటిసారి. సారుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ప్రయోగం రోజు క్యాంటీన్‌లో టీవీ పెట్టారు. మధ్యాహ్నం. రాకెట్టు లేచింది, అందరం చప్పట్లు కొట్టాం. కాసేపటికి తెర మీద దాని దారి చూపించే గీత వెళ్ళాల్సిన దారి వదిలి కిందికి వంగడం మొదలుపెట్టింది. అట్లా వంగకూడదని మాకందరికీ తెలుసు. టీవీలో మాట్లాడే ఆయన గొంతు ఆగిపోయింది. సముద్రంలో పడిపోయిందని మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. కుర్ర ఇంజనీరు ఒకడు తల బల్లకేసి కొట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి క్యాంటీన్‌లో సగం మంది మా అక్కవైపు చూస్తున్నారు.

ఎవరూ ముఖం మీద అనలేదు. అంటే నేను ఊరుకునేదాన్ని కాదని తెలుసు. అక్క బల్ల దగ్గరికి వస్తే దారం కండెలు పక్కకు జరిపేవాళ్ళు. "పాపం, ఆయమ్మ తప్పేముండాది, సారుకన్నా తెలియొద్దా" అని గుసగుసలాడేవాళ్ళు. జాలిపడుతున్నట్టు మాట్లాడి గొంతు కోయడమంటే ఏమిటో నేను అప్పుడే చూశాను. ఒకరోజు భోజనాల దగ్గర మా వరసలోనే కూర్చునే ఒకామెను పట్టుకుని కడిగేశాను.

"రాకెట్టు ఇంజనుకు మా అక్క నుదురు కనపడిందా? చెప్పు!"

"నేనేమన్నానప్పా? చదువు వేరే, శకునం వేరే. మా ఇండ్లల్లో అయితే ఇట్లా చెయ్యం, అంతే."

పెరుగన్నం డబ్బా విసిరికొట్టబోయాను. అక్కే నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది.

విచారణ పూర్తయ్యాక పెద్దసారు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. తప్పు రాకెట్టు ఇంజన్లో జరిగింది. ఇంధనం వెళ్ళే దారిలో ఒక చిన్న భాగం పనిచెయ్యలేదు. మన ఉపగ్రహం అప్పటికి ఇంకా పని మొదలుపెట్టనే లేదు, మన తీగల్లో ఒక్కటి కూడా కారణం కాదు. ఇది అంతరిక్షం, ఇందులో ఇంత ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, మళ్ళీ కడదాం అన్నాడు. చెప్తున్నంతసేపూ అక్కవైపే చూశాడు. నాకు వెయ్యి ఏనుగుల బలం వచ్చింది. ఇంక ఎవడు నోరెత్తుతాడో చూద్దామనుకున్నాను.

మరుసటి రోజే అక్క ఆయన గదికి వెళ్ళి, తనను స్టోర్సుకు మార్చమని అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. అక్క పట్టు వదల్లేదు. చివరికి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ సరేనన్నాడట.

ఆ సాయంత్రం ఇంట్లో నేను శివాలెత్తిపోయాను. "బుద్ధుండాదా నీకు? రిపోర్టు ఇన్నావు గదా? నీ ముడి కాదు, నీ తీగ కాదు. యాల పోవల్ల?"

అక్క బియ్యం ఏరుతోంది. చేట మీద నుంచి తలెత్తలేదు. "రిపోర్టు నిజమేనమ్మీ. నాకూ తెల్సు. కానీ వాకిట్లో నిలబడి మీ బావను సాగనంపింది నేనే. దాన్నీ సాగనంపింది నేనే. రెండూ పోవాల్సిన చోటికి చేరలేదు."

"దిక్కుమాలిన మాటలు మాట్లాడొద్దు!"

"నువ్వు అరిచినా అంతే" అని మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకుంది.

స్టోర్సులో కోటు లేదు, టోపీ లేదు. అక్కడి ఆడవాళ్ళు బొట్లతోనే, పూలతోనే పనిచేస్తారు. తీగ చుట్టలు అడిగిన వాళ్ళకు ఇచ్చి, మిగిలినవి సర్ది పెట్టడం అక్క పని. అవి కూడా తన వేలు తగలకుండా చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకునేది. వచ్చేపోయే ప్రతివాడూ ఆమె నుదురు చూసేవాడు. అందరి నుదుర్లూ ఒకటయ్యే ఆ ఒక్క చోటునూ తన చేతులారా వదులుకుంది. నేను భూతద్దం కింద వేరేవాళ్ళ ముళ్ళు చూస్తూ కూర్చునేదాన్ని. తప్పులు బోలెడు దొరికేవి.

కొత్త ఉపగ్రహం కట్టడానికి చాలా కాలం పట్టింది. రెండువేల సంవత్సరం దాటింది. బెంగళూరంతా మారిపోయింది, వైట్‌ఫీల్డ్ వైపు అద్దాల మేడలు లేచాయి. సాగనంపే రోజు అక్క సెలవు పెట్టింది. ప్రయోగం రోజు కూడా సెలవు పెట్టింది. క్యాంటీన్‌లో టీవీ ముందు నేను ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. గీత కిందికి వంగలేదు. ఉపగ్రహం తన కక్ష్యలోకి చేరింది. అందరూ ఒకరి మీద ఒకరు పడి కౌగిలించుకున్నారు. పెద్దసారు నా చేతిలో ఒక మైసూర్‌పాకు పెట్టి, "అక్కకు ఇవ్వమ్మా" అన్నాడు.

బస్సు దిగి ఇంటిదాకా పరుగెత్తాను. అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. టీవీ పెట్టలేదట, భయమేసిందట. "పోయిందక్కా, పైకి పోయింది! బాగుండాది!" అని అరిచాను. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చిన్నపిల్లలా గంతేసి నన్ను వాటేసుకుంది. అన్నాళ్ళకు మా అక్క నవ్వు విన్నాను.

"చూసినావా?" అంది నా చెవిలో. "ఈసారి నేను దాన్ని ముట్టనే లేదు గదా."

సంతోషంగానే అంది. అదే నా ఏడుపు.