ఆన్‌లైన్‌లో చంద్రగ్రహణం

మా ఖగోళ క్లబ్బులో ఇరవై మందిమి. సగం జగ్గయ్యపేట, సగం నందిగామ. టెలిస్కోపు ఒక్కటే, అది మా డాబా మీద ఉంటుంది. దానికి కెమెరా తగిలించి అందరికీ ఫోన్లో ఆకాశం చూపించడం నా పని.

మొన్న చంద్రగ్రహణానికి ‘గ్రహణమంటే భయమెందుకు’ అని మీటింగ్ పెట్టాం. ఎప్పుడూ ఆరుగురు దాటరు. ఆ సాయంత్రం అందరూ వచ్చారు, ఎవరిళ్లల్లో వాళ్లు తలుపులేసుకుని. నేనూ టెలిస్కోపు గురిపెట్టి, గ్రహణం పట్టకముందే కిందికి దిగొచ్చా. మా ఆవిడ ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, డాబా తలుపుకి గడియ పెట్టింది. నాకలాంటి పట్టింపుల్లేవు. ఆవిడతో గొడవెందుకని ఊరుకున్నా.

కాసేపటికే చంద్రుడు జరిగి స్క్రీన్లోంచి వెళ్లిపోయాడు.

“పైకెళ్లి కాస్త తిప్పండి” అన్నారు నందిగామ నుంచి మా అధ్యక్షుడు, రిటైరైన సైన్సు మాస్టారు.

నాకు ఒళ్లు మండింది. “మీరే కిటికీ తీసి చూడండి మాస్టారూ” అన్నా.

ఆయన మైకు ఆపేసుకున్నారు.

గంటన్నర సేపు అందరం నల్లటి స్క్రీన్ చూశాం. “పూర్తిగా పట్టిందాండీ?” అని ఎవరో అడిగితే, “పట్టినట్టే ఉందండీ” అన్నారు ఇంకొకరు.

చివర్లో మాస్టారు అందరికీ థాంక్స్ చెప్పారు. ఒక్కరు కూడా భయపడి మధ్యలో వెళ్లిపోలేదని మెచ్చుకుని, విడుపు స్నానానికి లేచారు.