నర్సమ్మ జేబులో నేలతాడి

పందొమ్మిదివందల అరవైల మొదట్లో నేను బెంగుళూరులో ఒక ఆసుపత్రిలో నర్సును. నెలసరి సరిగా రాక, గడ్డం మీద వెంట్రుకలు మొలిచి దిగులుపడుతుంటే, హొసకోటె సంతలో ఒక నాటువైద్యుడు నేలతాడి అనే మొక్క గడ్డల పొడి ఇచ్చాడు. రోజుకొకసారి, పాలల్లో చిటికెడు చాలన్నాడు. చదువుకున్నదాన్ని కదా, మందంటే మూడుపూటలా చెంచాడు చొప్పున ఉండాలని నేనే సవరించాను. మా వార్డు డాక్టరమ్మకు మాత్రం సిగ్గుపడి చెప్పలేదు.

నాలుగోరోజు వార్డులో, ఏదో ఆకుపసరు తాగొచ్చిన కాడుగోడి ఊరి ముసలమ్మను మాటలతో కడిగేస్తున్నాను. "డాక్టరమ్మని అడక్కుండా తాగొచ్చా? ప్రాణం మీదికొస్తే ఎవరు దిక్కు?" అంటుండగానే కళ్లు తిరిగి, ఆమె మంచం మీదే వాంతి చేసుకుని పడిపోయాను.

తెలివొచ్చేసరికి పక్క మంచం మీద ఉన్నాను. నా జేబులోంచి పడిన పొట్లాన్ని ముసలమ్మ వాసన చూస్తోంది.

"సిస్టరమ్మా, ఇది నేలతాడి మాదిరి ఉండాది. మా పక్క మొగోళ్ళకి బలానికిస్తారు. నీకెందుకమ్మా?"

డాక్టరమ్మతో సహా వార్డంతా వింటోంది. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

"పోనీలే. డాక్టరమ్మని అడిగే తిన్నావా తల్లీ?" అంది ముసలమ్మ.

పింఛను పుచ్చుకునేదాకా రోగులను ఆ ప్రశ్న అడుగుతూనే వచ్చాను. కాకపోతే, గొంతు తగ్గించి.