"ఏరా" అని గౌరవించే దేశం, "ఆయ్" అంటే హడలిపోయే దేశం

మా ఆయన రాజోలు దగ్గర రొయ్యల చెరువులు చేసేవారు. తొంభైల చివర్లో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులన్నీ ఊడ్చుకుపోయాక మనిషి మాటలు మానేశారు. ఏమడిగినా "ఆయ్" తప్ప ఇంకో ముక్క లేదు. ఆయ్ అంటే మా కోనసీమలో చిత్తం, అలాగేనండి అని. కూరలో ఉప్పు మర్చిపోయానంటే ఆయ్, పక్కింటివాళ్ళు గోడ మన స్థలంలోకి జరిపారంటే ఆయ్! నాకు ఒళ్ళు మండిపోయేది. అలా రెండేళ్ళు గడిచాక, జొహాన్నెస్‌బర్గ్‌లో వ్యాపారం చేసే మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేశారు. తన స్నేహితులిద్దరికి నమ్మకమైన మనిషి కావాలట. ఒకరికి బోట్స్వానాలో సరుకుల గోడౌన్ ఉంది, ఇంకొకరు మొజాంబిక్‌లో కొత్తగా రొయ్యల చెరువులు తవ్విస్తున్నారు. "రెండూ చూసుకుని, నచ్చినదానికి సరేననండి బావగారూ" అన్నారు అన్నయ్య. ఈయన్ని ఒక్కరినే పంపితే రెండింటికీ ఆయ్ అనేసి వస్తారని నేనూ బయల్దేరాను.

అమలాపురం నుంచి బస్సులో రాజమండ్రి, అక్కణ్ణుంచి రైల్లో బొంబాయి, ఆపైన జొహాన్నెస్‌బర్గ్‌కి విమానం. రెండు దేశాలకూ దక్షిణాఫ్రికా మీదుగానే వెళ్ళాలి కాబట్టి ఆ వీసా ఒకటికి మించి రాకపోకలకు పనికొచ్చేలా తీసుకున్నాం. జొహాన్నెస్‌బర్గ్‌లో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం దాటాక బోట్స్వానా రాజధాని గాబొరోన్‌లో దిగాం. దారిలో ఒక్క గుంత లేదు. ఆ దేశంలో వజ్రాలు దొరికాయి, ఆ డబ్బు రోడ్లలోనూ బడుల్లోనూ ఆస్పత్రుల్లోనూ కనిపిస్తోంది. కరెంటు పోదు, కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. కానీ నేలంతా ఎండిపోయి, ముళ్ళ చెట్లు, వాటి మధ్య ఆవుల మందలు. కూరగాయలు చాలావరకు పక్కదేశం నుంచి రావలసిందే, కాబేజీ కొనాలన్నా గుండె గుభేలుమంటుంది. అక్కడి డబ్బు పేరు పులా. పులా అంటే వాన. వాన అంత అపురూపం వాళ్ళకి. ఆషాఢంలో మా ఇంటి చూరు కింద నిలబడితే తెలిసేది వాళ్ళకి, వానంటే ఏమిటో!

మమ్మల్ని తిప్పిన టాక్సీ డ్రైవరు పెద్దమనిషి. నన్ను చూసి నమస్కారం పెడుతున్నట్టు "దుమేలా మ్మా" అన్నాడు, ముచ్చటేసింది. ఈయన్ని చూసి "దుమేలా ర్రా" అన్నాడు. ఈయన మొహం మాడింది. హోటల్ కుర్రది 'ర్రా' అంది, గోడౌన్ గేటు దగ్గర కాపలావాడూ 'ర్రా' అన్నాడు. లోపల మేనేజరుగారైతే ఈయన అడిగిన ప్రతిదానికీ నవ్వుతూ "ఏ ర్రా, ఏ ర్రా" అంది. ఈయన విసవిసా బయటికొచ్చి టాక్సీలో కూలబడ్డారు.

"చూసేవా? మా తాతగారు కూడా నన్నెప్పుడూ ఏరా అనలేదే! ఇక్కడ గేటు కాడ వాడి దగ్గర్నించి అందరూ ఏరా అంటన్నారు. పొట్ట కోసం వచ్చేమని ఇంత లోకువా?"

రెండేళ్ళలో అంత పొడుగు మాట ఆయన నోట్లోంచి రావడం అదే మొదలు. నాకు నవ్వూ సంతోషమూ ఆగలేదు. డ్రైవరు సంగతేమిటని అడిగితే వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. అతను బండి పక్కకి ఆపి మరీ నవ్వాడు. "మా భాషలో ర్రా అంటే అయ్యగారు అని. ఏ అంటే అవును. చిన్నప్పుడు పెద్దవాళ్ళతో ర్రా చేర్చకుండా మాట్లాడితే మా అమ్మ చెంప పగలగొట్టేది."

"అంటే మన అండీ అన్నమాట!" అన్నాను.

ఈయన నాలిక్కరుచుకున్నారు. "అయ్యయ్యో, ఆవిడతో మొహం మాడ్చుకుని వచ్చేసేనే." వెనక్కి వెళ్ళి ఆవిడకి రెండు చేతులూ జోడించి వచ్చారు. నేనైతే బోట్స్వానాకే ఖాయం చేసుకున్నాను. జీతం బాగుంది, ఆస్పత్రి దగ్గర. ఇంకేం కావాలి?

మాటిచ్చాం కదా అని మొజాంబిక్ కూడా చూశాం. జొహాన్నెస్‌బర్గ్‌కి తిరిగొచ్చి, పగలంతా బస్సులో ఆ దేశ రాజధాని మపూటో చేరాం. మర్నాడు అక్కణ్ణుంచి ఉత్తరానికి చాపా ఎక్కాం. చాపా అంటే మన సర్వీసు ఆటోకి పెద్దన్నయ్య, పూర్తిగా నిండితేనే కదులుతుంది. కోళ్ళతో సహా ఎక్కాక కూడా నిండలేదన్నాడు డ్రైవరు. రోడ్డంతా గుంతలు. అంతర్యుద్ధం ఆగి పదేళ్ళు కావస్తున్నా కొన్ని గోడల మీద తూటాల గుర్తులు అలాగే ఉన్నాయి. టీకి కూడా వేలల్లో నోట్లివ్వాలి, అంత చితికిపోయిన డబ్బు. అయినా దారి పొడుగునా ఎవరో ఒకరు ఇటుకలు పేరుస్తూ, ఇంటికి కప్పు వేస్తూ, బడి గోడకు సున్నం కొడుతూ కనిపించారు. మధ్యాహ్నానికి కొబ్బరి చెట్లు మొదలయ్యాయి. ఎటు చూసినా కొబ్బరే, కొత్తపేట నుంచి అమలాపురం వెళ్తున్నామేమో అనిపించింది. మషీష్ అనే రేవులో పడవెక్కి సముద్రపు పాయ దాటితే ఇన్యాంబానె ఊరు. చెరువులు అక్కడికి దగ్గరే.

చెరువుల దగ్గర వంటావిడ పీట మీద కూర్చుని కొబ్బరి కోరి, ఆ పాలల్లో ఆకుకూరా వేరుశెనగ పొడీ వేసి వండింది. మటాపా అంటారు, అన్నంలో కలుపుకుంటే ప్రాణం లేచొచ్చింది. తిన్నాక సూపర్వైజరు చెరువులు చూపించడానికి తీసుకెళ్ళాడు. అతను జొహాన్నెస్‌బర్గ్ గనుల్లో పనిచేసి వచ్చినవాడు, ఇంగ్లీషు వచ్చు.

"ఇవి మొత్తం మొన్ననే తవ్వాం" అన్నాడు.

"ఆయ్" అన్నారు ఈయన.

అతను ఆగి ఈయన మొహంలోకి చూశాడు. "బాగానే ఉన్నారా?"

"ఆయ్!"

అంతే, అతను ఈయన జబ్బ పట్టుకుని వంటావిడని కేకేశాడు. ఇద్దరూ కలిసి ఈయన్ని చాప మీద పడుకోబెట్టారు. వాళ్ళు మాట్లాడే పోర్చుగీసులో ఆయ్ అంటే అబ్బా, నొప్పి అని! ఆవిడ పొట్ట నొక్కుతూ "ఇక్కడా?" అని సైగ చేస్తుంటే ఈయన మర్యాదకి మళ్ళీ "ఆయ్, బానే ఉందండి" అనడం, ఆవిడ ఇంకా కంగారుపడి నిమ్మగడ్డి టీ తాగించడం. నేను చెప్పాలనే చూశాను, నవ్వాపుకోలేక నోట మాట రాలేదు.

చివరికి ఈయన తనకేం కాలేదని చూపించడానికి లేచి గబగబా గట్టు మీదికి నడిచారు. అక్కడ ఆగిపోయారు. నీళ్ళొచ్చే తూము వైపు చూశారు, పోయే తూము వైపు చూశారు. తర్వాత వేసిన కేకకి కొంగలు లేచిపోయాయి.

"ఇదెవరు కట్టేరండీ! మంచినీళ్ళు తీసే కాలవలోకే మురికినీళ్ళు వదుల్తారా? ఒక్క చెరువుకి రోగమొస్తే అన్నీ పోవూ! మేం ఇలా చేసే కదా మునిగిపోయేం!"

సూపర్వైజరుకి తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. ఇద్దరూ ఇసకలో కూర్చుని పుల్లతో గీతలు గీశారు. ఇక్కడ విడిగా ఇంకో కాలవ, ఇక్కడ నీళ్ళు నిలిపి తేర్చే చెరువు. ఈయన ఇంగ్లీషులో సగం, తెలుగులో సగం మాట్లాడుతూనే ఉన్నారు. పొద్దు వాలింది, నేను పిలిచినా వినలేదు.

తిరుగు పడవలో నేనే కదిపాను. "బోట్స్వానాలో కరెంటు పోదండీ."

"పోదు" అన్నారు. "నా చెరువులెందుకు చచ్చిపోయేయో నాకు ఆర్నెల్లకే తెలిసిందే. తెలిసి ఏం లాభం, ఎవరికి చెప్పను? వీళ్ళకి ఇంకా ఏమీ పోలేదు. వీళ్ళకి చెప్తాను" అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది. సరేనన్నాను.

నాలా రెండు దేశాలూ చూడబోయేవాళ్ళు ఏది గొప్పదని నన్నడక్కండి. చేతికొచ్చిన సంపదని దుబారా చేసుకోకుండా ఎలా బతకాలో బోట్స్వానాలో చూడొచ్చు. అంతా పోయాక మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో మొజాంబిక్‌లో చూడొచ్చు. విశ్రాంతి కావలసినవాళ్ళకి మొదటిది సుఖం. మా ఇంటికి ఆ ఏడు రెండోదే అవసరమైంది. ఒక్క సలహా మాత్రం ఇస్తాను. తిరుగు టిక్కెట్టు తేదీ మార్చుకోడానికి వీలున్నదే కొనండి. మాది అలాంటిది కాదు. కాగితాల పని అన్నయ్య చూసుకుంటానన్నారు, ఈయన కొత్త కాలవ దగ్గరే ఉండిపోయారు, ఇల్లు సర్దడానికి నేనొక్కదాన్నే వెనక్కొచ్చాను. ఆయన టిక్కెట్టు వృథాగా పోయి నా పక్క సీటు బొంబాయి దాకా ఖాళీగానే వచ్చింది. దాని మీదికి కాళ్ళు జాపుకుని, రెండేళ్ళ తర్వాత కంటినిండా నిద్రపోయాను.