ఓడిపోయిన కుంగ్‌ఫూ మాస్టారు

మా పెద్దమ్మాయి మూడేళ్లుగా మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ హాల్లో కుంగ్‌ఫూ నేర్చుకుంటోంది. ఈ సాయంత్రం తనని తీసుకురావడానికి వెళ్తుంటే, రైలింజన్ల షెడ్డులో నాతో పనిచేసే అప్పలరాజు కూడా వచ్చాడు. పిల్లలు వరసగా నిలబడి గాలిని గుద్దుతుంటే కాసేపు చూశాడు. ఆ తర్వాత ఉండబట్టలేక మాస్టారినే అడిగేశాడు.

"మాస్టారూ, నిజం దెబ్బలాటలో ఇది పనికొస్తాదేటి?"

"రండి, సూద్దాం," అన్నారాయన.

అప్పలరాజు చెప్పులు విప్పి, ఒక్క ఊపున ఆయన నడుం పట్టి చాప మీద పడేశాడు. మా అమ్మాయి ముఖం చూడలేకపోయాను. మాస్టారు మాత్రం లేచి, బట్టలు దులుపుకుని నవ్వారు.

"అచ్ఛా. ఎటు కొడతామో ముందే సెప్పుకుని కొట్టుకోడం అలవాటయిపోనాది మాకు. ఆదివారం నుంచి మీరొచ్చి, మమ్మల్ని సెప్పకుండా ఇలాగే పడెయ్యండి బాబూ."

"ముందు నన్నే పడెయ్యాలి బాబాయ్," అంది మా అమ్మాయి.

అందరి ముందూ ఓడిపోయిన మాస్టారి దగ్గర మీరైతే పిల్లని మాన్పించేవారా? నేను మాత్రం రెండో అమ్మాయి పేరు కూడా రాయించి వచ్చాను.