పాలగడ్డ

మా ఇంట్లో ఆడవాళ్ళం స్నానానికి కూడా లంగాను చంకల కిందికి బిగించి కట్టుకునే వెళ్తాం. తలుపుకు గొళ్ళెం ఉన్నా, లోపల బల్లి తప్ప ఎవరూ లేకపోయినా అంతే. నా ఒళ్ళు నేను సరిగా చూసుకోకుండానే డిగ్రీ దాకా వచ్చానంటే ఇప్పుడు నాకే మండుకొస్తుంది.

కామారెడ్డిలో మా కాలేజీకి ఒక నర్సమ్మ వచ్చి, నెలకోసారి రొమ్ములు ఎలా తడిమి చూసుకోవాలో బట్టల మీద నుంచే చూపించింది. మేమంతా చున్నీలు నోట్లో కుక్కుకుని నవ్వాం. "నవ్వుండ్రి నవ్వుండ్రి. గడ్డ నొప్పి పెట్టదు. నొప్పి లేదని ఎవ్వలూ రారు," అందామె. అప్పుడు ఆగింది మా నవ్వు.

ఆ సాయంత్రం ఎల్లారెడ్డిలో బస్సు దిగి ఇంటికి రాగానే వదినకు అంతా చెప్పాను. అన్న దుబాయిలో ఉంటాడు. ఇంట్లో అమ్మ, వదిన, ఆమె కూతురు, నేను. రొట్టె చేస్తున్న వదిన చేయి ఆగిపోయింది.

"నాకు ఉన్నది గదా గసొంటిది. అత్తమ్మకు చెప్పిన."

"పాలగడ్డ," అంది అమ్మ, ఇటు తిరగకుండానే. "పిల్లకు పాలు మాన్పిచ్చినప్పుడు మల్లెపూలు కట్టినం. పాలు సక్కగ ఎండలే, గడ్డ కట్టినయి. అదే కరుగుతది."

పాలు మానిన ఆ పిల్ల అప్పటికే బడికి పోతోంది. అమ్మ మీద కోపం నషాళానికి అంటింది. పొద్దున్నే వదినను కామారెడ్డి తీసుకెళ్ళాను.

"నొప్పి అయితే లేదు మేడమ్," అంది వదిన ధైర్యంగా. డాక్టరమ్మ ముఖం ఏమీ తేలికపడలేదు. మళ్ళీ తడిమింది, చంకలో కూడా తడిమింది. "అన్ని గడ్డలూ చెడ్డవి కావు. కానీ పరీక్ష చేయకుండా చెప్పలేను, హైదరాబాద్ వెళ్ళండి," అంది. తిరుగు బస్సులో వదిన నా చేయి వదల్లేదు. నాకూ భయం వేసింది.

వదిన వాళ్ళ తమ్ముడితో హైదరాబాద్ వెళ్ళింది. ముక్క తీసి పరీక్షకు పంపారట, ఫలితం ఇంకా రాలేదు. ఇంట్లో నేను ఊరుకోలేదు. "పాలగడ్డట, మల్లెపూలట" అని అమ్మను దెప్పుతూనే ఉన్నాను. నోరు పెద్దదే అయిన మా అమ్మ ఒక్క మాటా ఎదురు చెప్పలేదు.

నిన్న స్నానానికి వెళ్ళిన అమ్మ ఎంతకీ బయటికి రాలేదు. "బిడ్డా, జర లోపలికి రా," అని పిలిచింది. గొళ్ళెం తీసే ఉంది. లంగా ముడి విప్పి, చేతులు అడ్డం పెట్టుకుని నిలబడింది. అమ్మను అలా నేనెప్పుడూ చూడలేదు. నర్సమ్మ చెప్పినట్టు ఎక్కడ మొదలుపెట్టి ఎలా తడమాలో చెప్పబోయాను. అమ్మ వినిపించుకోలేదు. నా చేయి పట్టుకుని, వెతుక్కోకుండా, నేరుగా ఒకచోట పెట్టింది.

వేళ్ళ కింద చింతగింజ లాంటిది గట్టిగా తగిలింది.

"గిది గూడ పాలగడ్డనే గదా బిడ్డా?" అంది.

అమ్మ ఆఖరున పాలిచ్చింది నాకే.