అక్షరాలు ఉంచి మరకలు తీయడం

కారు పెయింటు మీద క్లే ముద్ద నడపడం నేను మస్కట్‌లో నేర్చుకున్నాను. చపాతీ పిండిలా పిసికితే సాగే మెత్తటి ముద్ద అది. కడిగిన కారు మీద సబ్బునీళ్లు చల్లి, నొక్కకుండా జారిస్తే నీళ్లకు పోని మరకల్ని లాగేసుకుంటుంది. మురికిని లోపలికి మడిచి, మళ్లీ పిసికి శుభ్రమైన వైపు పైకి తేవాలి. కింద పడితే మాత్రం దయ చూపకుండా పారేయాలి. ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా బండి నిండా గీతలే. పని అయ్యాక నీళ్లు చల్లి, డబ్బాలో మూత పెట్టి నీడలో దాచేవాణ్ణి. సిద్దిపేటలో నా సర్వీసింగ్ షెడ్డులో అలాంటి ముద్ద ఒక్కటే ఉండేది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే నాకు ఒళ్లు మండేది.

ఉద్యమం ఊపు మీదున్న రోజులు. రోజూ ఏదో ఒక చోట రాస్తారోకో. బండి మీద 'జై తెలంగాణ' అని రాసి ఉంటే దారి ఇచ్చేవారు, లేకపోతే దింపి నాలుగు ప్రశ్నలు అడిగేవారు. అడిగినవాళ్లలో నేనూ ఒకణ్ణే. ధర్నా అంటే షెడ్డు మూసి మరీ వెళ్లేవాణ్ణి.

అలాంటి ఒక ఉదయం విత్తనాల దుకాణం ఆయన తన తెల్ల కారు తెచ్చాడు. గుంటూరు వైపు మనిషి. తొగుట, దుబ్బాక అన్నీ తిరిగి వ్యాపారం చేసేవాడు. బానెట్ మీద గులాబీ రంగులో 'జై తెలంగాణ'. దాని చుట్టూ కూడా అదే రంగు తుంపర, బండికి తట్టు పోసినట్టు.

"ఎవరు రాసిన్రు సార్?" అన్నాను.

"నేనేనండి. స్ప్రే డబ్బా కొని మొన్న ఇంటి వెనక రాసుకున్నాను. చుట్టూ కాగితాలు కప్పాలని తెలియలేదు, గాలికి ఇలా అయింది."

కోరి కొరివితో తల గోక్కున్నాడనుకుని పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఇలా తిరిగితే వెక్కిరించడానికి రాశాననుకుంటారేమోనండి. నిన్న తొగుట దగ్గర ఒకాయన అదోలా చూశాడు. అక్షరాలు ఉంచి మరకలు తీసేయండి."

నేను నవ్వు ఆపేశాను. ఆయన్ని కుర్చీలో కూర్చోమని, అక్షరాల మీద కాగితం టేపు అంటించి పనిలో దిగాను. రోడ్డు వైపు పరదా పైకే చుట్టి ఉంది. దాచుకునే పని నాకేముంది? చేతికి పాలిథిన్ కవరు తొడిగి తడిమితే ఇంకా మిగిలిన గరుకు వేళ్లకు ఇట్టే తెలుస్తోంది. ముద్ద తిరిగిన చోట బానెట్ నున్నగా తేలుతోంది, ముద్ద గులాబీగా మారుతోంది. సగం అయ్యేసరికి నా పనితనానికి నేనే మురిసిపోతున్నాను.

దీక్షా శిబిరం నుంచి చౌరస్తాకు పోతున్న కుర్రాళ్లు రోడ్డు మీద ఆగారు. ముందున్నవాడి చేతిలో జెండా కర్ర. మూసేసిన అక్షరాలు చూశాడు, నా చేతిలో గులాబీ ముద్ద చూశాడు, కుర్చీలోంచి లేస్తున్న ఆయన్ని చూశాడు.

"ఏందన్నా, తెలంగాణను గీకి పారేస్తున్నవా?"

కర్ర బానెట్ మీద టక్కుమని పడింది. ఉలిక్కిపడ్డాను. ముద్ద చేజారి ఇసుకలో పడింది.

"అక్షరాలు గట్లనే ఉన్నయ్ తమ్మీ. సుట్టు మరకలే తీస్తున్న."

"ఉంటే సూపెట్టు. గా టేపు తియ్యి."

నాకు చేతులు రాలేదు. ఆ బండికి పాత పాలిష్ ఉంది. మొన్న వేసిన రంగు దాని మీద సరిగ్గా పట్టిందో లేదో తెలియదు. ఒక్క అక్షరం టేపుతో పాటు లేచి వచ్చినా కారుకు అద్దాలు మిగలవు, ఆయనకు ఏం మిగులుతుందో చెప్పలేను. పొద్దున నేను చూసి నవ్విన మనిషి కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మావాళ్లను చూసి నాకు మొదటిసారి భయమేసింది.

"మీరు గుంజకుర్రి, నేనే తీస్త" అని వంగాను. గోటితో అంచు లేపి, టేపును వెనక్కి మడిచి, కొంచెం కొంచెంగా లాగాను. మొదటి అక్షరం నిలిచింది. చివరి అక్షరం అంచున రంగు పొరలా లేచింది. దాన్ని బొటనవేలితో అదిమిపట్టి, ఊపిరి బిగబట్టి మిగతాది లాగాను. అదీ నిలిచింది.

కర్ర పట్టుకున్నవాడు వంగి చదివాడు. "మంచిది. ఒకపాలి గట్టిగ అను సార్" అన్నాడు.

ఆయన అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు వాళ్లకు వినబడకూడదని నేనూ పక్కన నిలబడి గొంతు చించుకున్నాను. ఏ సభలోనూ ఆ నినాదం అంత గట్టిగా ఇవ్వలేదు. వాళ్లు కూడా కేక కలిపి వెళ్లిపోయారు.

ముద్ద నిండా ఇసుక. తీసి చెత్తలో వేశాను.

"సగం అట్లనే ఉండిపాయె సార్."

"చాలండి, చాలు" అంటూనే ఆయన బండెక్కాడు.

రాష్ట్రం వచ్చింది. నేనూ గులాల్ పూసుకుని చౌరస్తాలో ఎగిరాను. కొన్నాళ్లకు ఆయన అదే కారుతో వచ్చాడు. సగం బానెట్ మీద మరకలు అలాగే ఉన్నాయి. అక్షరాలు ఎండకు వెలిసినా చదవడానికి వస్తున్నాయి. హైదరాబాదు నుంచి తెప్పించిన కొత్త ముద్ద తీసి పిసుకుతుంటే ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు అక్షరాలు కూడా తీయించుకోవచ్చాండీ? ఏం కాదు కదా?"

తన బండి మీద తను రాసుకున్న రాత తీయించుకోవడానికి నా అనుమతి అడుగుతున్నాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఏం గాదు సార్. రాష్ట్రమొచ్చింది గద, ఇగ భయమెందుకు?" అన్నాను.

ఆ మాట అని, లేచి వెళ్లి రోడ్డు వైపు పరదా దించి వచ్చి, అప్పుడు పని మొదలుపెట్టాను.