ఆగస్టులో నల్ల బీరు

ఎడారి పక్కనున్న మెహికాలి ఊళ్లో ఆగస్టు వచ్చిందంటే కుళాయి కింద చెయ్యి పెట్టాలన్నా జంకుతారు. కప్పుల మీది టాంకుల్లో పగలంతా కాగిన నీళ్లు సాయంత్రం దిగేసరికి, పిల్లల స్నానానికి కూడా బకెట్లో పట్టి చల్లారబెట్టుకోవాల్సిందే. కూలర్లు బాగుచేసే నికనోర్ ఆర్సేకి మాత్రం ఊపిరాడనంత పని ఉండేది ఆ రోజుల్లోనే. కూలర్లలో గడ్డి మార్చడం, కాలిపోయిన మోటార్లు విప్పడం, ఉప్పు పేరుకున్న గొట్టాలు గీకడం. పొద్దున బయలుదేరితే చొక్కా మీద తెల్లటి చెమట చారలతో ఇల్లు చేరేవాడు.

బీరు కాచడం అతనికి చలికాలపు సరదా. కొన్నేళ్ల కిందట ఒక స్కూలు మాస్టారింట్లో కూలరు బిగించడానికి వెళ్లినప్పుడు ఆయన గ్యారేజీలో కాచుకుంటున్న బీరు చూసి, దగ్గరుండి నేర్చుకున్నాడు. అప్పటినుంచి నవంబరు మొదలు మార్చి దాకా ఆదివారాలు వెనక వసారాలో గ్యాసు పొయ్యి మీద పెద్ద స్టీలు గుండిగ ఎక్కేది. పక్కన రమీరో లిసర్రగా ఉండాల్సిందే. రమీరో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసి మానేసినవాడు. నికనోర్ కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు గనక ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకునేవారు. రమీరో పని ముట్టుకునేవాడు కాదు. రుచి చూడ్డం, వంక పెట్టడం అతని వంతు. మాడేలా వేయించిన బార్లీతో చేసే నల్ల బీరంటే అతనికి ప్రాణం.

నికనోర్ భార్య డెల్ఫీనాకి ఆ ఆదివారాలు గిట్టేవి కావు. బీరుమీద ఆమెకు కోపం లేదు. ఇంట్లో పగలంతా నాలుగు మాటలు మాట్లాడని మనిషి, రమీరో గుమ్మంలో అడుగుపెట్టగానే రేడియోలాగా మొదలవుతాడేమిటని ఆమె కష్టం.

ఆ ఏడాది రమీరో మూత్రపిండాలు పూర్తిగా పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. తాగే ప్రతి చుక్కకీ కొలత. జూన్ చివర్లో నికనోర్ చూడ్డానికి వెళ్తే, మంచం మీద కూర్చుని నోట్లో ఐసు ముక్క చప్పరిస్తూ అడిగాడు.

"కొంపాద్రే, నల్లది ఎప్పుడు పెడుతున్నావు?"

"నవంబరులోనే గదా. చలి పడనీ."

"నువ్వు ఆగగలవు. నేనూ ఆగుతాననుకో. వీటిని ఎవరు ఆపుతారు?" అని నడుము తట్టుకున్నాడు.

నికనోర్ లేచాడు. ఇంటికొచ్చి గుండిగ దించి తోమడం మొదలుపెట్టాడు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, తియ్యటి రసం వడకట్టి, చేదు కోసం హాప్ పువ్వులు వేసి మరిగించడం వరకూ ఏ కాలంలోనైనా ఒకటే పని. చిక్కంతా పొయ్యి ఆర్పాకే. సలసల మరిగిన ఆ రసాన్ని తొందరగా చల్లార్చాలి. వేడి మీద ఈస్ట్ వేస్తే చచ్చిపోతుంది, గోరువెచ్చగా ఉన్నప్పుడు వేస్తే పిచ్చెత్తినట్టు పొంగి పాడు వాసన తెస్తుంది. దానంతటదే చల్లారుతుందిలే అని వదిలేస్తే గాలిలోని పులుపంతా వచ్చి చేరుతుంది. అందుకే గుండిగలో రాగి గొట్టం చుట్ట ముంచి, అందులోంచి కుళాయి నీళ్లు పారిస్తారు. నీళ్లు వేడిని మోసుకుపోతాయి. కానీ కుళాయి నీళ్లే కాగి ఉంటే అవేం మోసుకుపోతాయి? ఈస్ట్ వేశాక రసం పోసిన డ్రమ్ము పెట్టడానికి అతని దగ్గర పాత ఫ్రిజ్జొకటి ఉంది. ఉడుకుతున్న గుండిగ అందులో పెడితే మాత్రం ముందు ఫ్రిజ్జే చచ్చేది.

జూలైలో చేసిన మొదటి కాపు అలాగే చెడింది. గంటల తరబడి నీళ్లు పారించినా రసం గోరువెచ్చగానే నిలిచిపోయింది. విసిగిపోయి ఈస్ట్ వేసేశాడు. నెల తిరిగేలోగా మూత తీస్తే గోళ్లరంగు సీసా విప్పినట్టు గుప్పుమంది.

డెల్ఫీనా వాసన చూసి ముక్కు చిట్లించింది. "దీంతో వాకిలి కడిగితే చీమల బాధ పోతుంది. పారబొయ్యకు, ఉంచు."

"వెక్కిరించకు."

"వెక్కిరింత కాదు ముసలాయనా. రమీరో పొట్టలోకి ఇది పోతే ఇక డయాలిసిస్ కూడా అక్కర్లేదు."

నికనోర్ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. చేదుగా మాట్లాడినందుకు డెల్ఫీనాకీ నిద్ర పట్టలేదు గానీ, ఆ మాట పైకి అనలేదు.

రెండోసారికి అతను తన పనిముట్లవైపు చూశాడు. ప్రతి కూలర్లోనూ అడుగున ఉన్న నీళ్లను పైన గడ్డి మీదికి తోసే చిన్న మోటారు ఉంటుంది. అలాంటి పాతదొకటి శుభ్రంగా ఉడకబెట్టి తుడిచాడు. కుళాయి నీళ్లతో వేడి సగం తగ్గించి, ఆ తరువాత తొట్టెలో ఐసు నీళ్లు పోసి, మోటారుతో రాగి చుట్టలోంచి తిప్పుతూ ఉండాలని ఆలోచన. ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెచ్చి, గోనెలు చుట్టి వసారా నీడలో పెట్టాడు. ఆ ఆదివారం ఎడారివైపు నుంచి పొడిగాలి కొడుతోంది. తీగ మీద వేసిన బట్టలు పిండిన చేతి తడి ఆరకముందే ఆరిపోతున్నాయి.

మధ్యాహ్నం దాటాక పొయ్యి ఆర్పాడు. కుళాయి నీళ్లు పారించాడు. గుండిగ అంచు మీద చెయ్యి ఆన్చగలిగేంతగా వేడి తగ్గింది. తొట్టెలో ఐసు పగలగొట్టి వేసి మోటారు పెట్టాడు. అది గుర్రుమంటూ తిరిగింది. రాగి గొట్టం బయటి భాగం మీద చెమట పట్టడం చూసి, చాలా రోజులకి అతని మొహం విచ్చుకుంది. అప్పుడే మోటారు చప్పుడు ఆగిపోయింది. ఇంట్లో ఫ్యాను, పక్కింటి ఏసీ, వీధిలో అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. అంతవరకూ వినపడని కుక్కల అరుపులు వినపడ్డాయి.

"పేటంతా కరెంటు పోయింది," అంది డెల్ఫీనా గేటు దగ్గర్నుంచి. "అందరూ ఏసీలు వేసి కూర్చుంటే తీగలు మాత్రం ఎంతని మోస్తాయి."

"తొట్టె నిచ్చెన మీదికి ఎక్కిద్దాం. పైనుంచి నీళ్లు వాటంతటవే దిగుతాయి. పట్టుకో."

ఇద్దరూ తొట్టె ఎత్తబోతుండగా ఆమె ఫోను మోగింది. రమీరో కూతురు గ్రసియేలా.

"పిన్నీ, బాబాయ్ ఉన్నారా? నాన్న ఏదేదో మాట్లాడుతున్నాడు. మిల్లులో బండి లోడయిందా అని అడుగుతున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. అంబులెన్సు వాళ్లు వస్తామంటున్నారు, ఎప్పుడో చెప్పట్లేదు. కరెంటు లేదు, ఇల్లు పొయ్యిలా ఉంది."

డెల్ఫీనా ఆ మాటలు చెప్పడం పూర్తయ్యేలోగానే నికనోర్ తొట్టె కింద పెట్టి, మిగిలిన దిమ్మలు రెండూ గోనెలతో సహా వ్యానులో వేశాడు. వెళ్లబోతూ ఒక్క క్షణం ఆగి గుండిగవైపు చూశాడు. ఆ చూపు డెల్ఫీనా పసిగట్టింది.

"నువ్వెళ్లు. ఆ తొట్టెలోది కూడా పట్టుకెళ్లు. దీన్ని నేను చూసుకుంటా."

"నీకేం తెలుసు దీని గురించి?"

"ఇన్నేళ్లుగా వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాగా. పో ముందు."

రమీరో ఇల్లు రెండు వీధుల అవతల. నికనోర్ వెళ్లేసరికి అతను పక్క మీద కళ్లు తెరిచే ఉన్నాడు గానీ చూపు ఎక్కడో ఉంది. ఫోనులో నర్సు చెప్పినట్టు గ్రసియేలా దుప్పట్లు ఐసు నీళ్లలో ముంచి కప్పింది. నికనోర్ ఐసు పగలగొట్టి గుడ్డల్లో మూటలు కట్టి చంకల్లో, మెడ కింద, తొడల మధ్య పెట్టాడు. అట్టముక్క తీసుకుని విసురుతూ కూర్చున్నాడు. చెయ్యి పడిపోతే రెండో చేత్తో. దుప్పటి వేడెక్కితే తీసి మళ్లీ ముంచడం. ఇంత పెద్ద ఐసు దిమ్మ మనిషి ఒంటి మీద ఇంత తొందరగా కరిగిపోతుందని అతనికి తెలియదు. మధ్యలో ఒకసారి గ్రసియేలా ఏడ్చింది. అతను అట్టముక్క ఆమె చేతికిచ్చి తను ఐసు కొట్టడానికి లేచాడు. చేతికి పనుంటే ఏడుపు ఆగుతుందని అతని అనుభవం.

చాలాసేపటికి రమీరో తల తిప్పాడు.

"ఏంట్రా ఇది, నన్ను చేపల బజారులో పెట్టారా?"

గ్రసియేలా గబగబా ఇంకో దుప్పటి ముంచి తెచ్చింది.

"మాట్లాడకు," అన్నాడు నికనోర్.

"ఇంత ఐసు ఎక్కడిది?"

"తెచ్చా."

"దేనికి తెచ్చావు?" రమీరో అతని చొక్కా వాసన చూశాడు. అందులో మాడిన బార్లీ వాసన. "ఓరి పిచ్చోడా. చల్లార్చాల్సింది నన్ను కాదు గదా."

"నోరు మూసుకుని పడుకో కొంపాద్రే."

"అదేమవుతుంది ఇప్పుడు?"

"పోతే పోయింది. ఇంకోటి పెడతాను."

రమీరో తడి చేత్తో నికనోర్ మణికట్టు పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా వదల్లేదు. అంబులెన్సు కుర్రవాళ్లు చూసి, ఈ ఐసు లేకపోతే తాము వచ్చి చేసేదేమీ ఉండేది కాదన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లారు, రెండు రోజులు ఉంచుకుని పంపేశారు.

నికనోర్ ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. కరెంటు ఇంకా రాలేదు. వసారాలో గుండిగ కనబడలేదు. ఇంటి పక్క సందులో, గాలి దూసుకొచ్చే చోట, పళ్లెంలాంటి పాత కూలర్ అడుగుభాగంలో కూర్చుని ఉంది. చుట్టూ గోనెసంచులు, వాటి మీద తడి. మూత అంచు చుట్టూ అతని పనిముట్ల పెట్టెలోని వెండిరంగు టేపు వేసి బిగించి ఉంది. డెల్ఫీనా పీట వేసుకుని కూర్చుని, చెంబుతో గోనెల మీద నీళ్లు చల్లుతోంది. పక్కింటివాళ్లు ఇద్దరు దాన్ని అక్కడికి మోసి పెట్టి వెళ్లారని తరువాత తెలిసింది.

"రమీరో ఎలా ఉన్నాడు?"

"బతికాడు. చేపల బజారన్నాడు."

"అయితే బతికినట్టే." ఆమె మళ్లీ చెంబు ముంచింది. "నువ్వు కూలర్లలో చేసే పని ఇదేగా. గడ్డికి బదులు గోనె."

నికనోర్ గుండిగ మీద అరచెయ్యి పెట్టాడు. ఒంటి వేడి కంటే కొంచెం తక్కువ. మోటారు లేకుండా, ఐసు లేకుండా. ఇంకో పీట తెచ్చి ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ వంతులవారీగా నీళ్లు చల్లారు. పెళ్లయిన కొత్తలో కాలువగట్టు మీద ఉన్న గదిలో కరెంటు లేకుండా గడిపిన వేసవి గురించి డెల్ఫీనా చెప్పింది. అతనికి గుర్తులేని సంగతులు చాలా ఉన్నాయి అందులో.

మర్నాడు తెల్లారగానే ఫ్యాక్టరీకి వెళ్లి ఐసు తెచ్చాడు. కరెంటు వచ్చింది. మోటారు తిరిగింది. టేపు విప్పి వాసన చూస్తే పులుపు లేదు. మిగతా వేడి కాసేపట్లో దిగిపోయింది. ఈస్ట్ వేసి డ్రమ్ము ఫ్రిజ్జులోకి ఎక్కించాడు.

సెప్టెంబరు చివర్లో సీసా పట్టుకుని రమీరో ఇంటికి వెళ్లాడు. ఈసారి డెల్ఫీనా కూడా వెంట వచ్చింది. గ్రసియేలా చిన్న కాఫీ కప్పు తెచ్చి, అందులో సగానికి పోసి, "ఇదే ఈపూటకి," అంది. రమీరో ఆ సగం కప్పుని పెదాలకి ఆన్చి, నోట్లో ఉంచుకుని, మింగడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"చేదు ఎక్కువైంది."

"వేడిలో ఎక్కువసేపు నానింది," అన్నాడు నికనోర్. "హాప్ పువ్వుల చేదు ఇంకా దిగుతూనే ఉండి ఉంటుంది."

"చలికాలపుదానంత మెత్తగా లేదు." ఇంకో చుక్క తాగాడు. "అబద్ధం చెప్పమంటావా?"

"వద్దు."

"అయితే చేదు ఎక్కువైంది." కప్పు కూతురివైపు చాపాడు. "అమ్మా, సాయంత్రం నీళ్లు నాకొద్దు. వాటికి బదులు ఇదే పొయ్యి."

గ్రసియేలా నికనోర్ వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూశాడు. డెల్ఫీనాయే సీసా అందుకుని కప్పు నింపింది.

రమీరో అక్టోబరులో, డయాలిసిస్ లేని రోజున, పగటినిద్రలో పోయాడు. శవజాగారానికి నికనోర్ మిగిలిన సీసాలన్నీ పట్టుకెళ్లాడు. మిల్లు స్నేహితులు వాటిని గటగటా తాగి, బజారు బీరులాగే సీసాలు గోడవార పడేశారు. ఒక్కడూ చేదు గురించి అడగలేదు. మొదట అతనికి మనసు చివుక్కుమంది. తరువాత తనూ ఒకటి విప్పుకుని, వాళ్ల మధ్య కూర్చుని, వాళ్లు చెప్పే జిన్నింగు మిల్లు కథలు విన్నాడు.

జనవరిలో మళ్లీ గుండిగ ఎక్కించాడు. ఆ ఉదయం కుళాయి తిప్పితే వేళ్లు కొంకర్లు పోయాయి. పొయ్యి ఆర్పి రాగి చుట్ట ముంచి నీళ్లు వదిలాడు. పనిలో పడి మొదట గమనించలేదు. చూస్తుండగానే ఆవిరి ఆగింది, గుండిగ చల్లబడిపోయింది. ఇంత తొందరగా అవుతుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. రమీరోతో కబుర్లలో పడి ఎన్నడూ కనిపెట్టి చూడలేదు. నీళ్లు కట్టేశాక చేతులు తుడుచుకుని నిలబడిపోయాడు. చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

డెల్ఫీనా వంటింటి తలుపు తీసి చూసింది.

"అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది."

ఆమె అతని మొహం చూసి, పొయ్యి మీద ఉన్న బీన్సు మంట తగ్గించి, శాలువా కప్పుకుని వసారాలోకి వచ్చింది. ఎదురుగా కూర్చుంది.

"రమీరో మొదటిసారి మన ఇంటికి వచ్చినప్పుడు," అని మొదలుపెట్టాడు నికనోర్, "కుక్క అతని బూటు ఎత్తుకుపోయింది, నీకు తెలుసా?"

"తెలీదు," అంది డెల్ఫీనా. "చెప్పు."